పాశురంలో ఎండ, పార్వేటలో నీడ

నల్లమలలోని అహోబిలం అడవి గురించి రెండు సాక్ష్యాలు మన ముందున్నాయి. ఒకటి దాదాపు పన్నెండు వందల ఏళ్ల నాటి తమిళ కవిత. తిరుమంగై ఆళ్వారు ‘పెరియ తిరుమొళి’ మొదటి పత్తులో, ఏడో తిరుమొళిగా ఈ క్షేత్రం మీద పాడిన పది పాశురాలు. రెండోది పుస్తకాల్లో ఇమిడేది కాదు. ఏటా కనుమనాడు మొదలై నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో సాగే పార్వేట ఉత్సవం, దాని వెనక ఉన్న చెంచులక్ష్మి కథ. అక్కడికి మనిషి పోలేడంటుంది పాశురం. అక్కడున్నవాడు మా అల్లుడేనంటుంది పార్వేట. కొండ ఒకటే, దేవుడు ఒకడే, విల్లు పట్టిన వేటగాళ్లూ ఉభయత్రా ఉన్నారు. చెప్పే మాట మాత్రం తలకిందులు.

ఈ రెంటిలో ఏది ఆ అడవికి దగ్గర? గదిలో కూర్చుని తేల్చగలిగిన ప్రశ్న కాదిది. తేల్చడానికి ఒక బాట ఉంది. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి దాకా భవనాశిని ఏటిని పట్టుకుని సాగే కాలిబాట. నడివేసవిలో ఒక పగలు ఆ బాట నడిస్తే పాశురంలో ఏది అతిశయోక్తి, ఏది కాదు, పార్వేట దేన్ని గుర్తుపెట్టుకుంది, దేన్ని మరిచింది అన్నవి కాళ్లకే తెలుస్తాయి.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్ల పైమాట. జాతీయ రహదారి వెంట కేసీ కెనాల్ కింద వరి మళ్లు, నల్లరేగడి చేలు. ఎడమచేతి వైపు నల్లమల విడవకుండా వెంట వస్తుంది. ఆళ్లగడ్డ దగ్గర తూర్పుకు మళ్లితే పాతిక కిలోమీటర్లలో ప్రహ్లాదవరదుడి దిగువ అహోబిలం. అక్కడికి మరో ఎనిమిది కిలోమీటర్లు లోపల ఎగువ అహోబిలం. బండ్లు అక్కడితో ఆగిపోతాయి. గుడి దగ్గర చేతికర్రలు దొరుకుతాయి, నడవలేనివారికి డోలీలూ ఉంటాయి. ఒకపక్క గరుడాద్రి, ఒకపక్క వేదాద్రి, నడుమ భవనాశిని. కొంత దూరంలోనే ఏటి పక్కన వరాహ నరసింహస్వామి. ఆ తరవాత బాట కొన్నిచోట్ల మెట్లు, కొన్నిచోట్ల ఏటి గుండ్ల మీదే అడుగులు. ఒక చీలిక మాలోల నరసింహస్వామి వైపు, ఒకటి జ్వాల వైపు పోతాయి. జ్వాల దాటి ఇంకా ఎక్కే ఓపిక ఉన్నవారికి ఉగ్రస్తంభం. నరసింహుడు వెలువడిన స్తంభం ఇదేనని స్థలపురాణం చూపించే, నిలువునా చీలిన కొండకొమ్ము అది.

వేసవిలో ఈ బాట తీరే వేరు. రాష్ట్రంలో ఎండలు మండే ఊళ్లలో నంద్యాలది ముందు వరస. మే నెలలో 44, 45 డిగ్రీలంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. నల్లమల ఆకురాల్చే అడవి. ఆగస్టులో ఆకాశాన్ని కనబడనివ్వని కొమ్మలు ఏప్రిల్ నాటికి బోడిగా నిలుస్తాయి. కాలి కింద ఎండుటాకు, దాని కింద కాగిన రాయి. ఒకప్పటి సముద్రపు ఇసుక కోటానుకోట్ల ఏళ్లలో గట్టిపడి అయిన రాయి ఇది. పొద్దుటి ఎండను పట్టుకుని సాయంత్రం దాకా వదలదు. తునికాకు కోసే రోజులు, కార్చిచ్చు రేగే రోజులు ఒకటే. ఏరు సన్నబడి కొంత మేర గుండ్ల కిందికి దూరిపోతుంది, కొంత మేర మడుగులుగా నిలుస్తుంది. వానాకాలంలో జ్వాలా నరసింహస్వామి గుడి ముందు కొండ మీంచి దూకే ధార ఇప్పుడు చిక్కిపోయి ఉంటుంది. పొద్దు పొడవకముందే బయల్దేరినవాళ్లు పదింటికల్లా నీడ వెతుక్కుంటారు.

ఇక పాశురాల సంగతి. తిరుమంగై చోళదేశపు చిన్న దొర, ఎనభైకి పైగా క్షేత్రాలను పాడిన కవి. ఆళ్వార్లు పాడిన నూట ఎనిమిది దివ్యదేశాల్లో తెలుగునేల మీదివి రెండే, తిరుమల, అహోబిలం. అహోబిలం మీది ఈ పదింటికి ఒక కట్టడి ఉంది. దాదాపు ప్రతి పాశురాన్నీ కవి రెండుగా విడదీస్తాడు. మొదటి సగం నరసింహుడిది: తెరిచిన నోరు, నిప్పు కళ్లు, హిరణ్యుడి రొమ్ములో దిగిన గోళ్లు. రెండో సగం ఆ స్వామి ఉన్న చోటుది. సింహాలు ఏనుగు దంతాలు తెచ్చి స్వామి పాదాల దగ్గర పెట్టి మొక్కుతాయట. దారిన పోయే బిడారుల మీద వేటగాళ్లు పడి కొడుతుంటే వాళ్ల డప్పుల మోత ఆగదట. సొమ్మసిల్లిన మృగాలు, పగిలిన కొండలు, నిప్పుకు కమిలిన వెదుళ్లు తప్ప అక్కడ మరేమీ లేవట. మిట్టమధ్యాహ్నం కరిచే కుక్కలు, గద్దలు తిరిగే ఆ చోటికి దేవతలు తప్ప ఎవరూ పోలేరట. సుడిగాలి మంటను మింగి ఆకాశం మీదికి పరుగెడుతుందట. ఎండిన దిరిసెన కాయలు గలగలలాడుతుంటే రాళ్లబాట పక్క వెదుళ్లు అంటుకుని ఆకాశాన్ని ఎర్రబరుస్తాయట.

పార్వేటలో పద్యం లేదు, నడక ఉంది. సంక్రాంతి వెళ్లగానే స్వామి పల్లకీలో అడవి అంచు దాటి ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి రమ్మని ఎవరి ఊళ్లో వారిని తానే పిలుస్తాడు. బయల్దేరేటప్పుడు ఆ అడవిలో బతికే చెంచులు పల్లకీకి బాణం ఎక్కుపెట్టి వేస్తారు. ఆ తరవాతే ప్రయాణం. కారణం కథలో ఉంది. హిరణ్యుణ్ణి చంపిన కోపం చల్లారక అడవిలో తిరుగుతున్న నరసింహుడు చెంచుల ఆడపిల్లను చూసి మనసుపడి పెళ్లాడాడు. అప్పటి నుంచి చెంచులకు ఆయన అల్లుడు.

ముందు ఎండ ముచ్చట చూద్దాం. తమిళ కావ్యశాస్త్రం నేలను ఐదు తిణైలుగా విడదీసింది. కొండ, అడవి, పొలం, కడలి ఒడ్డు, ఐదోది పాలై. పాలై అంటే మండే బీడు. దానికి కాలం వేసవి, పొద్దు మధ్యాహ్నం, మనుషులు దారిదోపిడీగాళ్లు, కనిపించే చెట్లు ఎండిన దిరిసెనలు, వెదుళ్లు; పైన తిరిగేవి గద్దలు. ఆళ్వారు వాడినవన్నీ ఈ సామాన్ల గదిలోవే. కాబట్టి ఆయన అహోబిలాన్ని చూసి రాయలేదు, శాస్త్రం చూసి రాశాడు అని తేల్చెయ్యడం సులువు. ఆ మాట సగమే నిజం. పాలై విడిగా ఉండే నేల కాదు, కొండా అడవీ ఎండకు తమ గుణం పోగొట్టుకుంటే ఏర్పడే స్థితి అని తమిళ కావ్యం శిలప్పదికారమే చెబుతుంది. ఆగస్టు నల్లమల, మే నల్లమల చూసినవారికి ఈ సూత్రానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. కవి ఈ అడవికి ఆ తిణైను ఎంచుకోవడమే ఆయన చూపు. శ్రావణంలో ఆ పాశురాలు పట్టుకుని ఈ బాట నడిస్తే అబద్ధాలనిపిస్తాయి. వైశాఖంలో నడిస్తే వాటిలో సింహాలు తప్ప మిగతావన్నీ దారిలో ఎదురవుతాయి. వెదురుపొద ఎండి గీసుకునే చప్పుడు, కాయలు గలగలలాడే చప్పుడు, ఎక్కడో కాలిన గడ్డి వాసన, ఇవి శాస్త్రం చెప్పినా చెప్పకపోయినా అక్కడున్నవే.

తెలుగు కథలో ఈ ఎండ లేదు. పార్వేట జరిగేదే పుష్య మాఘాల చలిలో, చేలల్లో శనగ, జొన్న ఉన్న రోజుల్లో. చెంచులక్ష్మి కథలో అడవి పూచి, కాచి, తేనె కారుతుంటుంది. 1958లో బి.ఎ. సుబ్బారావు తీసిన ‘చెంచులక్ష్మి’ సినిమా ఈ అడవినే జనం మనసులో స్థిరపరచింది. అందులో చెంచులక్ష్మి అయిన అంజలీదేవి నరహరి అయిన అక్కినేనిని ఆటపట్టిస్తూ చెట్లెక్కగలవా, చిటారుకొమ్మన చిగురు కోయగలవా అని అడిగే పాట తెలియని తెలుగువాళ్లు తక్కువ. స్టూడియో అడవి కాబట్టి ఎండ ఉండదనుకుని వదిలేయొచ్చు. కానీ ఆ పాటలో ఒక గట్టి సంగతి ఉంది. ఆళ్వారు అడవిలో దేవుడు ఏలిక, మృగాలు బంట్లు. ఆ పాట అడవిలో దేవుడు ఉద్యోగానికి వచ్చిన కుర్రాడు. పరీక్ష పెట్టేది అడవి పిల్ల, పనితనం నేర్చుకోవలసింది దేవుడు. ఎండను మరచిన కథ అడవిలో బతకడానికి నేర్పు కావాలన్న మాటను మరవలేదు. ఎండను అంత చక్కగా పట్టిన పాశురానికి ఆ ఊహ తట్టలేదు.

ఈ తేడా ఎందుకు వచ్చింది? ఎవరు ఎటు నడుస్తున్నారన్న దాన్ని బట్టి. పాశురంలో నడక బయటి నుంచి లోపలికి. గమ్యం గర్భగుడి. దానికీ తనకూ మధ్య ఉన్నదంతా అడ్డంకి, కాబట్టి రాయీ నిప్పూ మృగమూ వేటగాడూ ఒకే జాబితాలో చేరిపోయారు. పార్వేటలో నడక లోపలి నుంచి బయటికి. స్వామి ఇల్లు విడిచి వస్తున్నాడు. వెనకనున్న అడవి పుట్టిల్లో అత్తిల్లో అవుతుంది కానీ అడ్డంకి కాదు.

ఈ రెండు దిశలకూ నడుమ ఒక వచనం ఉంది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న, అంటే అచ్చంగా ఎండాకాలంలో, కాశీయాత్రకు బయల్దేరి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా సాగాడు. ఈ సీమ అప్పటికింకా కందనూలు నవాబు ఏలుబడిలో ఉంది. దారిలో చూసినవి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు జాబులుగా రాశాడు. 1838లో అవి ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. వీరాస్వామికి అడవి శత్రువూ కాదు, చుట్టమూ కాదు. ఊరికీ ఊరికీ మధ్య దూరమెంత, ఎక్కడ దిగవచ్చు, ఏం దొరుకుతుంది, అధికారులు ఏం వసూలు చేస్తారు అన్నవి ఆయన లెక్కలు. తరవాత వచ్చే యాత్రికుడి కోసం రాసిన వచనం అది. మనిషి పోలేడని కవి అన్న చోటికి పోయి రావడం ఎలాగో వీరాస్వామి రాశాడు. అయితే కవి మాట దానితో కొట్టుకుపోదు. పరివారం, పల్లకీ బోయీలు వెంట ఉన్న ప్రయాణం అది. ఆసరా లేనివాడికి ఆ దారి ఎంత కష్టమో ఆయన జాగ్రత్తలే చెబుతాయి.

ఇక వేటగాడు. ఈ పోలికలో అసలు మడత ఇక్కడే ఉంది. ఆళ్వారు రెండు చోట్ల వేటగాళ్లను తెస్తాడు. ఒకచోట బిడారుల మీద పడి డప్పు కొట్టేవాళ్లుగా, ఇంకోచోట మంటతో, రాళ్లతో కలిపి దారికి అడ్డంగా నిలిచినవాళ్లుగా. వాళ్ల చేతుల్లో విల్లు కనిపిస్తుంది, మోత వినిపిస్తుంది. మొహం కనిపించదు, మాట వినిపించదు. ఆశ్చర్యమేమంటే, గురుపరంపర కథలు ఈ తిరుమంగైనే దారిదోపిడీగాడిగా చెబుతాయి. భాగవతులకు అన్నం పెట్టడానికి బాటసారులను దోచాడు, చివరికి పెళ్లికొడుకు వేషంలో వచ్చిన దేవుణ్ణే దోచబోయి దాసుడయ్యాడు అని వాటి మాట. ఆ కథ నిజమో కాదో పక్కన పెడదాం. దాన్ని నమ్మే సంప్రదాయమే ఈ పాశురాలను భద్రంగా పాడుకుంటూ వచ్చింది. కాబట్టి అడగవలసిన ప్రశ్న అడగాలి. దోపిడీ ఎందుకు చేస్తారో తెలిసినవాడుగా పేరుపడ్డ కవి, నల్లమల వేటగాడి ఆకలిని ఒక్క పాశురంలోనైనా ఎందుకు తలవలేదు? పాలై తిణైలో దోపిడీగాడికి కేటాయించిన స్థానం అంతే కాబట్టి. ఎండ విషయంలో కవికి చూపునిచ్చిన ఆ శాస్త్రమే మనిషి విషయంలో ఆయన కళ్లు కట్టేసింది.

పార్వేట ఆ విల్లునే ఇంకోలా వాడుకుంది. బాణం పల్లకీ మీదికే వస్తుంది, కానీ బెదిరింపుగా కాదు, వరసగా. మా పిల్లను చేసుకున్నవాడివి, మా గడప దాటి పోతున్నావు, మాకు చెప్పి పో అన్న హక్కు అది. పల్లకీ మోసేవాళ్లు, పూజారులు, ఊళ్ల పెద్దలు అందరూ ఆ హక్కును ఒప్పుకున్నాకే స్వామి కదులుతాడు. అడవిలో బతికేవాడి అనుమతి లేకుండా అడవి దేవుడు కదలడని ఒక్క బాణంతో చెప్పగలిగిన ఉత్సవానికి, పది పాశురాలు చెప్పలేనిది చెప్పిన గౌరవం దక్కాలి.

ఆ గౌరవం ఇస్తూనే ఒక లెక్క కూడా అడగాలి. ఆ ఒక్కరోజు బాణం వేసిన చెంచుకు మిగతా రోజుల్లో దక్కేదేమిటి? చెంచులు ప్రభుత్వ జాబితాల్లో అత్యంత వెనుకబడిన గిరిజన సమూహాల్లో ఉన్నారు. వాళ్లు తిరిగిన నల్లమలలో ఎక్కువ భాగం 1983 నుంచి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అడవి మారింది, చట్టం మారింది, విల్లు ఉత్సవానికి మిగిలింది. అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో పులి అడుగులు పోల్చి, మంటలు ఆర్పి, కాపలా కాసే వాచర్లలో చెంచులున్నారు. ఆళ్వారు దారికి అడ్డమన్నవాళ్ల వారసులే ఇవాళ ఆ దారికి కాపు. పాశురం వాళ్లను ముప్పుగా చూసింది, పార్వేట చుట్టరికంగా చూసింది. కూలి, హక్కు ఉన్న మనిషిగా చూసే చోటు రెంటిలోనూ లేదు. అల్లుడన్న పిలుపు ఎంత తియ్యగా ఉన్నా, ఆ తీపిలో అత్తవారింటి పేదరికం మరుగున పడిపోతుంది.

చివరిగా ఏరు. పది పాశురాల్లో నిప్పు ఉంది, గాలి ఉంది, రాయి ఉంది, ఆకాశం ఉంది. నీళ్లు లేవు. భవనాశిని ఊసే లేదు. పాలైలో నీటికి చోటు లేదు కాబట్టి కవి దాన్ని వదిలేశాడనుకోవచ్చు. ఈ బాటే ఏరు తవ్విన బాట. వరాహ నరసింహస్వామి దగ్గర నుంచి జ్వాల దాకా మనిషి కాలు పెట్టగలుగుతున్నది ఏరు ఆ కొండను కోసింది కాబట్టే. మే నెలలో మడుగు పక్కన కూర్చున్నవాడికి ఈ లోటు ఇట్టే తెలుస్తుంది. స్థలపురాణం కవికన్నా జాగ్రత్తపడింది. జ్వాల దగ్గరి రక్తగుండంలో స్వామి చేతులు కడుక్కున్నాడని చెప్పి, అంత కోపానికీ నీళ్లు కావలసి వచ్చాయని ఒప్పుకుంది.

కానీ తొమ్మిదో పాశురం దగ్గర ఆగాలి. అక్కడ ఆళ్వారు హిరణ్యుణ్ణి వదిలేస్తాడు. తన మనసును మంచిదానా అని పిలిచి, మనం కొలిచే స్వామి లక్ష్మి కౌగిట ఉన్నాడంటాడు. ఆ వెంటనే నేల కూడా మారిపోతుంది. మంట లేదు, గద్ద లేదు, డప్పు లేదు. ఉసిరిచెట్లు గుబురుకట్టి రాళ్లను పగలదీస్తాయి, ఆకులు గాలికి చప్పుడు చేస్తాయి, బాట పొడుగునా కీచురాళ్ల రొద ఆగదు. మిగతా పాశురాల్లో రాయిని పగలగొట్టింది ఎండ. ఇక్కడ పగలగొడుతున్నది చెట్టు. దేవుడి కోపం ఉన్నంతసేపూ అడవి పాలై, కోపం దిగగానే అడవి అడవి. అంటే ఆ ఎండ అంతా నేల వర్ణన మాత్రమే కాదు, నరసింహుడి మనఃస్థితి. పద్యాన్ని రెండు సగాలుగా కట్టిన పని ఇక్కడ ఫలించింది. చెంచులక్ష్మి కథ ఎంతో దూరం తిరిగి చేరిన చోటికే ఈ కవి ఒక్క పద్యంలో చేరాడు. ఉగ్రుణ్ణి చల్లార్చింది పూజ కాదు, పక్కనున్న ఆడది. తమిళ పాశురంలో ఆమె శ్రీదేవి, తెలుగు పల్లెలో ఆమె చెంచుపిల్ల. రెండు సాక్ష్యాలూ కలిసేది ఈ ఒక్క చోటే. కలిసిన చోట కూడా తెలుగు కథ ఒక అడుగు ముందుంది. చల్లార్చే శక్తిని పాలకడలి నుంచి తెచ్చుకోలేదు, ఆ అడవిలోనే వెతుక్కుంది.

ఇప్పుడు ఈ బాట నడుస్తున్నది భక్తులొక్కరే కాదు. హైదరాబాదు, బెంగళూరు నుంచి వారాంతాల్లో వచ్చే ట్రెక్కింగ్ బృందాలకు ఉగ్రస్తంభం ఎక్కి దిగడమే లెక్క. వాళ్లు తీసే ఫొటోల్లో అడవి మళ్లీ అడ్డంకిగానే కనిపిస్తుంది, గెలిచి చూపించవలసిన అడ్డంకిగా. అంటే తెలియకుండానే ఆళ్వారు పక్షం చేరారు, ఆయనకున్న భయం లేకుండా. ఆ భయం లేకపోవడమే ప్రమాదం. నీటి సీసా అక్కడే పారేసేదీ, ఎండుటాకు మీద సిగరెట్టు విసిరేదీ ఆ భయం లేనివాళ్లే. దేవతలు తప్ప పోలేరన్న మాటను అతిశయోక్తిగా కొట్టిపారేయకుండా, వేసవి అడవికి ఇవ్వవలసిన మర్యాదగా చదువుకుంటే పాశురం ఇప్పటికీ పనికొస్తుంది.

ఎండను చెప్పడంలో తమిళ కవిదే పైచేయి. ఆ పదింటి పక్కన మన చెంచులక్ష్మి అడవి రంగు కాగితమనిపిస్తుంది. మనిషిని చూడడంలో ఆళ్లగడ్డ పల్లెలదే పైచేయి. ఒక్క బాణానికి ఇచ్చిన అర్థంతో అవి కావ్యశాస్త్రాన్ని దాటిపోయాయి. ఏటి దగ్గర మాత్రం ఇద్దరూ బాకీ పడ్డారు. పురాణాలు భవనాశినిని పుణ్యతీర్థంగా పొగిడాయి సరే. ఏ మడుగు ఏ నెల దాకా నిలుస్తుంది, ఏ గుండు కింద నీరు దొరుకుతుంది, ఎలుగు ఏ వేళ నీళ్లకు దిగుతుంది అన్నవి వాటికి పట్టలేదు. అవి తెలిసినవాళ్లు ఆ అడవిలోనే ఉన్నారు. పాశురంలో మాట దక్కనివాళ్లు, పార్వేటలో బాణం మాత్రమే దక్కినవాళ్లు వాళ్లు. ఈ బాట గురించి మూడో రచన రావలసి ఉంటే అది వాళ్ల నోటి నుంచి వినవలసినదే.